సెల్ఫ్ తీసుకోని కారు



హనుమాన్ జంక్షన్ అంటే దారులు కలిసే చోటు. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద విజయవాడకూ ఏలూరుకూ నడుమ ఉంది. ఒక పక్క నూజివీడు దారి, మరో పక్క గుడివాడ మీదుగా బందరు దారి. రాత్రనక పగలనక బండ్లు తిరిగే ఈ సెంటరు దాటి ఊళ్లలోకి వెళితే మాత్రం కదలని కార్లు కనిపిస్తాయి. వీరవల్లి, తేలప్రోలు, రంగన్నగూడెం, పెరికీడు, ఏ ఊరైనా సరే, కొత్త డాబా, దాని పక్కన రేకుల షెడ్డు, షెడ్డులో గుడ్డ కప్పిన కారు. పిల్లలు డల్లాస్‌లోనో హైదరాబాదులోనో ఉంటారు. వచ్చినప్పుడు తిరగడానికి ఒక బండి ఉండాలని కొంటారు. సంక్రాంతికి గన్నవరంలో విమానం దిగి, ఇంటికొచ్చి, కాఫీ తాగి, గుడ్డ తీసి తాళం తిప్పుతారు. టిక్, టిక్, టిక్. సెల్ఫ్ తీసుకోదు.

పండగ రోజుల్లో మా ఆటో ఎలక్ట్రీషియన్లకు వచ్చే ఫోన్లలో సగం ఇలాంటివే. ఫోన్ చేసినవాళ్లలో చాలామంది అడిగే మొదటి మాట, "కొత్త బ్యాటరీ ఎంతవుతుందండీ?" అని. ఆ ప్రశ్న చివర అడగాల్సింది. ఛార్జింగ్ దిగిపోయిన బ్యాటరీ వేరు, చెడిపోయిన బ్యాటరీ వేరు. తాళం తిప్పినప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలుసుకోవడానికి కాస్త ఓపిక, ఒక చిన్న మీటరు చాలు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఈ సంగతి పల్లె, పట్నం తేడా లేకుండా అందరికీ ఒకేసారి ఎదురైంది. రోజూ తిరిగే కార్లు కూడా వారాల తరబడి నిలిచిపోయాయి. సడలింపులు రాగానే షాపుల ముందు ఛార్జింగ్‌కి వచ్చిన బ్యాటరీలు వరుసలు కట్టాయి. వాటిలో చాలావరకు నెమ్మదిగా ఛార్జింగ్ పెడితే లేచాయి. ఈలోపే తొందరపడి కొత్తవి కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు.

అసలు కారు ఆపేసి తాళం తీసుకున్నాక కరెంటు ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదనుకుంటాం. కానీ ఇప్పటి కారు పూర్తిగా నిద్రపోదు. రిమోట్ లాక్ మన తాళం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. దొంగల అలారం, గడియారం, ఇంజిన్ కంప్యూటర్ జ్ఞాపకం, ఇవన్నీ కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి. పైన మనం పెట్టించిన డ్యాష్ కెమెరా, జీపీఎస్ ట్రాకర్ ఉంటే ఆ ఖర్చు మరీ పెరుగుతుంది. ఒక లెక్క చెబుతాను. చిన్న కార్లలో సాధారణంగా ఉండేది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. నిలిచి ఉన్న కారు 30 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటోందనుకోండి, అది తప్పేమీ కాదు, మామూలే. 24 గంటలకు 0.72 ఆంపియర్ అవర్లు పోతాయి. నెల తిరిగేసరికి 21 పైన. అంటే సగానికి పైగా ఖాళీ. నెలన్నరకు తాళం తిప్పినా డ్యాష్‌బోర్డు వెలగదు.

ఇది కాక, ఏమీ కలపకుండా పక్కన పెట్టినా బ్యాటరీ తనంతట తాను తగ్గుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ తగ్గుదల వేగం పెరుగుతుంది. సుమారు 10 డిగ్రీలు పెరిగితే రెట్టింపవుతుందని లెక్క. మన రోహిణి కార్తె ఎండల్లో, రేకుల షెడ్డు కింద, మూసిన బోనెట్ లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించుకోండి. చలిదేశాల్లో బ్యాటరీ చలికాలంలో మొరాయిస్తుంది. మన దగ్గర దాన్ని దెబ్బతీసేది ఎండాకాలం. వేసవిలో తిన్న దెబ్బ సంక్రాంతికి బయటపడుతుంది.

లోపల జరిగేది కూడా తెలుసుకుంటే మంచిది. సీసం పలకలు, సీసం ఆక్సైడ్ పలకలు, వాటి మధ్య నీళ్లు కలిపిన గంధకామ్లం. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే తయారుచేసిన ఏర్పాటు ఇదే, ఈనాటికీ మూలసూత్రం మారలేదు. కరెంటు ఇచ్చేకొద్దీ ఆమ్లంలోని సల్ఫేటు పలకల మీదికి చేరుతుంది, ఆమ్లం పలచబడుతుంది. ఛార్జింగ్ పెడితే ఆ సల్ఫేటు తిరిగి ఆమ్లంలోకి వస్తుంది. చిక్కంతా ఆలస్యంలోనే ఉంది. దిగిపోయిన బ్యాటరీని వారాలూ నెలలూ అలాగే వదిలేస్తే, ఆ మెత్తటి పూత నిలవున్న పాకం పటికబెల్లంలా గట్టిపడినట్టు స్ఫటికాలు కడుతుంది. అప్పుడు ఛార్జింగ్ పెట్టినా కరగదు. దిగిపోయిన బ్యాటరీ చెడిపోయిన బ్యాటరీగా మారే దారి ఇదే. అందుకే ఇవాళ పడిపోయిందని తెలిస్తే, పండగ అయ్యాక చూద్దాంలే అనుకోకుండా ఇవాళే ఛార్జింగ్ పెట్టాలి.

బండి కదపకుండా ఉంచడం వల్లే ఇలా అయిందంటే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. ఇదిగో, ఇలా జరుగుతుంది సంభాషణ.

"బండి ఎప్పుడు బయటికి తీశారు బాబాయిగారూ?"

"కార్తీకమాసంలో అయ్యా, అమ్మాయి వచ్చినప్పుడు. కానీ వారం వారం స్టార్ట్ చేస్తూనే ఉన్నాను. మా వాడు ఫోన్‌లో మరీ మరీ చెప్పాడు. అయిదు నిమిషాలు ఉంచి ఆపేస్తున్నాను."

"షెడ్డులోనేనాండీ?"

"షెడ్డులోనే. ఏసీ కూడా వేసి చూస్తున్నా, పనిచేస్తోందో లేదో అని."

ఆయన శ్రద్ధలో లోపమేమీ లేదు. చెప్పినవాళ్లు సగమే చెప్పారు. స్టార్ట్ చేయడానికి బ్యాటరీ ఒక్కసారిగా చాలా కరెంటు ఇస్తుంది. నిలబడి తిరిగే ఇంజిన్ మీద డైనమో, అదే ఆల్టర్నేటర్, తక్కువే ఇస్తుంది. అందులో ఏసీ, లైట్లు తమ వాటా తీసుకుంటాయి. అయిదు నిమిషాల్లో బ్యాటరీకి తిరిగి చేరేది, వారమంతా పోయినదానికి ఏ మూలకూ రాదు. ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. తలుపులు మూసిన షెడ్డులో ఇంజిన్ నడపకండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. మనిషి ప్రాణం తీస్తుంది. బండి బయటికి తీసి, కనీసం అరగంట, ముప్పావుగంట రోడ్డు మీద నడిపితేనే ఫలితం.

సరే, బండి ఇప్పటికే పడిపోయి ఉంది. ఏం చేయాలి?

ముందు డోరు తెరుచుకోవాలి. రిమోట్ నొక్కితే పలకకపోవచ్చు. కంగారు పడొద్దు. రిమోట్ తాళాల్లో చాలావాటి లోపల ఒక చిన్న ఇనుప తాళం దాగి ఉంటుంది. పక్కనున్న మీట నొక్కితే బయటికి వస్తుంది. దానితో డ్రైవరు తలుపు తెరవండి. బోనెట్ ఎత్తండి. వెంటనే దేనినీ ముట్టుకోకుండా ఒకసారి తేరిపార చూడండి. మాది వరి పండే నేల. కోతలు అయ్యాక పొలాల్లో ఎలుకలు ఇళ్ల వైపు మళ్లుతాయి, నిలిచిన కారు ఇంజిన్ పైన వెచ్చగా, చీకటిగా వాటికి మంచి చోటు. గడ్డి పరకలు, ధాన్యపు పొట్టు, కొరికిన వైర్ల రంగు ముక్కలు కనిపిస్తే అక్కడితో ఆగండి. తెగిన వైరు మీదుగా కరెంటు పంపితే చిన్న ఖర్చు కాస్తా పెద్దదవుతుంది, మంట కూడా లేవవచ్చు. ముందు వైరింగ్ చూపించాలి.

తరవాత టెర్మినల్స్. బ్యాటరీ కొనల దగ్గర తెల్లగా, నీలి ఆకుపచ్చగా ఉప్పులాంటి పొడి పేరుకుని ఉందా? క్లాంపును చేత్తో పట్టి తిప్పితే కదులుతోందా? అయితే మీ బ్యాటరీ బాగానే ఉండి, అందులోని కరెంటు స్టార్టర్ దాకా చేరకపోవచ్చు. గ్లౌజులు వేసుకుని, కళ్లకు అద్దాలు పెట్టుకుని, ముందు నెగెటివ్ వైరు ఊడదీయండి, తరవాతే పాజిటివ్. మా వాళ్ల భాషలో నెగెటివ్ అంటే ఎర్త్. కారు బాడీ మొత్తం ఎర్తే. ముందుగా పాజిటివ్ విప్పుతున్నప్పుడు స్పానర్ జారి బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. గోరువెచ్చటి నీళ్లలో వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఆ పొడి నురుగులా పొంగి పోతుంది. నీళ్లు సెల్ మూతల్లోకి పోనివ్వకండి. తుడిచి ఆరాక ముందు పాజిటివ్, చివర నెగెటివ్ బిగించి, పైన కాస్త వాజలైన్ రాయండి. ఇంతమాత్రానికే స్టార్టయిన బండ్లు ఉన్నాయి.

అప్పటికీ లేవకపోతే మీటరు పెట్టాలి. మల్టీమీటర్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. కారు ఉన్న ప్రతి ఇంట్లో ఒకటి ఉండాలని నా గట్టి నమ్మకం. డోర్లు మూసి, అన్నీ ఆపి, రెండు కొనల మధ్య కొలవండి. 12.6 వోల్టులు, ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక. 12.2 దగ్గర సగం. 12 కి వచ్చిందంటే పావు వంతే మిగిలింది. 11.8 కన్నా దిగువ ఉంటే ఖాళీ అయిందన్నమాట. ఈ లెక్క ఎక్కడినుంచి వచ్చిందంటే, బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి, నిండుగా ఉన్న ఒక్కో సెల్ 2.1 వోల్టులు ఇస్తుంది. ఛార్జింగ్ పెట్టి తీశాక కూడా 10.5 దగ్గరే ఆగి కూర్చుంటే, అయిదు సెల్స్ పనిచేస్తున్నాయి, ఒకటి పోయిందని అర్థం. ఇక దానిమీద ఆశ వదులుకోవచ్చు. 12.6 చూపిస్తూ, తాళం తిప్పగానే 9.6 కిందికి జారిపోతే అదీ లోపల బలం లేని బ్యాటరీయే. 12.6 ఉండి, తిప్పినప్పుడు కూడా పెద్దగా దిగకుండా, బండి మాత్రం కదలకపోతే అసలు దోషం బ్యాటరీది కాదు. స్టార్టర్ మోటరు, రిలే, ఫ్యూజు, ఎర్త్ వైరు చూసుకోవాలి. కొత్త బ్యాటరీ కొన్నాక కూడా బండి స్టార్టు కాక దిగులుపడ్డ వాళ్ల సంగతి చాలాసార్లు ఇదే.

మూతలు విప్పే రకం బ్యాటరీ అయితే లోపలి నీటి మట్టం చూడండి. పలకలు బయటపడి ఉంటే, అవి మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోసి, ఛార్జింగ్ అయ్యాక మట్టం గీత దాకా నింపాలి. ఆసిడ్ పోయకూడదు, తగ్గేది నీళ్లే. బోరు నీళ్లు అసలు వద్దు, డెల్టాలో సముద్రం వైపు వెళ్లేకొద్దీ అవి ఉప్పగా ఉంటాయని మీకే తెలుసు. ఇంటికొచ్చే మినరల్ వాటర్ టిన్ను కూడా పనికిరాదు. తాగడానికి మంచిదైన నీళ్లలో లవణాలు ఉంటాయి, బ్యాటరీకి అవి ఉండకూడదు.

ఛార్జింగ్ నిదానంగా పెట్టడమే మందు. బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు కరెంటు మంచిది. 35 ఆంపియర్ అవర్ల దానికి 3.5 ఆంపియర్లు. ఒక రాత్రంతా పడుతుంది. గంటలో ఇచ్చేయమని షాపువాళ్లను తొందరపెట్టకండి. ఎక్కువ కరెంటు తోస్తే పలకలు వేడెక్కి వంగుతాయి. ఛార్జింగ్ పెట్టేది గాలి ఆడే చోటై ఉండాలి. ఆ సమయంలో హైడ్రోజన్ వాయువు వస్తుంది, దగ్గరలో బీడీ వెలిగించినా, దీపం పెట్టినా ప్రమాదమే.

వెంటనే వెళ్లాల్సిన పని ఉంటే ఇంకో బండి నుంచి కేబుల్స్ వేసి స్టార్ట్ చేస్తాం. ఇక్కడే జంక్షన్ లాంటి హైవే ఊళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. దాబా దగ్గర ఆగిన లారీవాళ్లు మంచి మనసున్నవాళ్లు, అడిగితే కాదనరు. కానీ లారీలో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి. మీ కారుది 12. లారీ నుంచి కేబుల్ వేస్తే కారు కంప్యూటర్, లైట్లు, మ్యూజిక్ సిస్టం, ఏది మిగులుతుందో చెప్పలేం. ఊళ్లో ట్రాక్టరు ఉంటే అది మేలు. మన ట్రాక్టర్లది సాధారణంగా 12 వోల్టులే, బ్యాటరీ మీద రాసి ఉంటుంది, చదివి నిర్ధారించుకోండి.

కేబుల్స్ కలిపే వరస ఇది. ఎర్ర కేబుల్ ముందు పడిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్ల కేబుల్ ముందు మంచి బ్యాటరీ నెగెటివ్‌కు, చివరి కొస మాత్రం పడిపోయిన బ్యాటరీకి కాదు, ఆ కారు ఇంజిన్ మీద రంగు వేయని గట్టి లోహానికి. చివరి కొస కలిపేటప్పుడు చిన్న మెరుపు వస్తుంది. అది బ్యాటరీకి దూరంగా రావాలి. మంచి బండిని స్టార్ట్ చేసి కొన్ని నిమిషాలు ఆగి, అప్పుడు మీ తాళం తిప్పండి. స్టార్టయ్యాక వచ్చిన వరసకు ఎదురు వరసలో తీసేయండి. బ్యాటరీ ఉబ్బినా, పగిలి కారుతున్నా ఈ పని అసలు చేయొద్దు.

ఇంకొక పాత అలవాటు ఉంది. వేరే కారు బ్యాటరీ తెచ్చి పెట్టి, స్టార్ట్ చేసి, ఇంజిన్ తిరుగుతుండగానే దాన్ని ఊడదీసి పాతది తగిలించడం. అంబాసిడర్ల కాలంలో చెల్లింది. ఆ కార్లకు ముందు నుంచి హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే వీలు కూడా ఉండేది. ఇప్పటి కార్లలో ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి ఆల్టర్నేటర్, కంప్యూటర్ కాలిపోవచ్చు. నెట్టి స్టార్ట్ చేయడమూ అంతే. ఆటోమేటిక్ గేరు బండికి అది కుదరదు. మాన్యువల్ అయినా, బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయితే పెట్రోలు పంపుకు, కంప్యూటర్‌కు కరెంటు అందదు, ఎంతమంది నెట్టినా ఆయాసమే మిగులుతుంది.

స్టార్టయ్యాక మీటరు మళ్లీ పెట్టండి. 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపిస్తే డైనమో బాగున్నట్టు. అప్పుడు హైవే ఎక్కి గన్నవరం దాకా వెళ్లి రండి. దాంతో మళ్లీ స్టార్టు అయ్యే బలం వస్తుంది. పూర్తిగా నిండాలంటే మాత్రం ఇంటికొచ్చాక ఛార్జర్ పెట్టాల్సిందే.

వరద నీట మునిగిన కారుకు ఈ మాటలేవీ వర్తించవు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు రోజుల తరబడి కార్లు నీళ్లలో ఉన్నాయి. అలాంటి బండికి తాళం తిప్పితే, లోపలికి పోయిన నీళ్ల వల్ల ఇంజిన్ విరగవచ్చు. నెగెటివ్ ఊడదీసి, మెకానిక్ షెడ్డుకు లాగించుకుపోవడమే మార్గం.

కొత్త బ్యాటరీ తప్పదని తేలితే, తయారైన నెల చూసి తీసుకోండి. షాపు అరలో నెలల తరబడి కూర్చున్నది కూడా పాతదే. ఆంపియర్ అవర్లు, పాజిటివ్ ఏ వైపు ఉందో పాతదానితో సరిచూసుకోండి. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ తనంతట ఆగిపోయే రకం కారు అయితే దానికి వేరే రకం బ్యాటరీ కావాలి, మామూలుది వేయిస్తే త్వరగా పోతుంది. మన రాష్ట్రంలోనే తిరుపతి దగ్గర కరకంబాడిలో 1985లో గల్లా రామచంద్రనాయుడు మొదలుపెట్టిన అమరరాజా నేడు దేశంలోని పెద్ద బ్యాటరీ తయారీ సంస్థల్లో ఒకటి. ఏ కంపెనీదైనా సరే, వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించుకోండి. ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లూ నాకేంలే అనుకోవద్దు. అందులోనూ తలుపులు, కంప్యూటర్ నడిపే చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది పడిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు మేల్కోదు.

పాతదాన్ని కొత్తది అమ్మిన షాపుకే ఇచ్చి ధర తగ్గించుకోండి. 2022 నాటి కేంద్ర బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన వాటిని తిరిగి సేకరించి, శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులది. పాత ఇనుప సామాన్లవాళ్ల చేతికి వెళితే, పగలగొట్టి ఆసిడ్ మట్టిలో పారబోసి, సీసం ఆరుబయట కరిగించే ప్రమాదం ఉంది. సీసం చిన్నపిల్లల మెదడుకు విషం. ఏలూరు కాలువ, రైవస్ కాలువ నీళ్లతో బతికే మనకు అది దూరపు సంగతి కాదు.

చివరిగా, ఊళ్లో కారు ఉంచి వెళ్లే పిల్లలకు ఒక మనవి. ఇల్లు తాళం వేసి వెళుతుంటే, బయలుదేరే రోజు నెగెటివ్ వైరు విప్పి, కొసకు గుడ్డ చుట్టి వెళ్లండి. తాళాలు కారులో వదిలేయకండి. నెలల తరబడి రారు కాబట్టి మధ్యలో ఒకసారి ఎవరిచేతనైనా ఛార్జింగ్ పెట్టించండి. కానీ ఇంట్లో అమ్మానాన్నా ఉంటే వైరు విప్పి వెళ్లకండి. అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వస్తే, ఆ కారు అప్పటికప్పుడు కదలాలి. అలాంటి ఇంట్లో, నిండాక తనంతట తానే తగ్గి నిలబెట్టే చిన్న ఛార్జర్ ఒకటి షెడ్డులో పెట్టించండి. లేదా డ్రైవింగ్ వచ్చిన అబ్బాయిని మాట్లాడి, వారానికొకసారి అమ్మానాన్నలను ఎక్కించుకుని నూజివీడు దాకా వెళ్లి వచ్చే ఏర్పాటు చేయండి. డ్రైవరు ఫోను నెంబరు, మీ ఎలక్ట్రీషియన్ నెంబరు పెద్ద అక్షరాలతో రాసి షెడ్డు గోడకు అంటించి వెళ్లండి.